మతిమరుపు మాత్రలు కొనే ముందు బీ12 పరీక్ష చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆరోగ్యం పేజీలోనే, కింద సగం పేజీ నిండా, అరవై దాటినవాళ్ల మతిమరుపు గురించి ఒకటి వచ్చింది. చూడ్డానికి వ్యాసంలాగే ఉంది, అవే అక్షరాలు, అదే డిజైను, చివర మాత్రం ఒక క్యాప్సూల్ డబ్బా బొమ్మ, ఫోన్ నంబరు. ప్రకటన అనే మాట ఎక్కడుందా అని కళ్లజోడు పెట్టుకుని వెతికితే మూలన ఆవగింజంత అక్షరాల్లో కనిపించింది. ఇలాంటి డబ్బాలను నమ్మి మా ఇంట్లో ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి తర్వాత, ముందు కాలం పోయింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మకు డెబ్భై ఆరేళ్లు. తెనాలిలో నా దగ్గరే ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి మూడేళ్ల కిందట రిటైరయ్యాను. అమ్మ పుట్టినప్పటి నుంచీ శాకాహారి, గుడ్డు వాసన కూడా గిట్టదు. నాన్న పోయిన దగ్గర్నుంచి రాత్రి అన్నం మానేసింది, రెండు ఇడ్లీలో కాస్త ఉప్మానో తినేది. శనివారాలు, ఏకాదశులు సరేసరి. కఫం చేస్తుందని ఎవరో చెబితే పాలు మానేసింది, పెరుగు తగ్గించి నీళ్ల మజ్జిగకు వచ్చింది. షుగరుకు పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్యాస్ అని ఎనిమిదేళ్లుగా పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే అమ్మకు వచ్చిన ఇబ్బంది మొత్తం ఈ నాలుగు మాటల్లోనే ఉంది, మాకే కనపడలేదు.

మొదలైంది కాళ్ల దగ్గర. "అరికాళ్లు మొద్దుబారిపోతున్నాయే, గచ్చు మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టుంది" అని రెండుమూడు సార్లు అంది. షుగరున్నవాళ్లకు మామూలే కదా అని ఊరుకున్నాం. ఒకరోజు గుడి నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది, రెండోది ఎక్కడ జారిపోయిందో తనకు తెలియలేదు. తర్వాత పులుసులో ఉప్పు రెండుసార్లు పడటం, గ్యాస్ బండ వచ్చిందా అని గంటలో మూడుసార్లు అడగటం, మనవళ్ల జన్మనక్షత్రాలన్నీ నోటికి చెప్పే మనిషి ఇవాళ ఏ వారం అని నన్ను అడగటం. ఆ ఏడు వినాయక చవితి నాడు అసలు భయం వేసింది. శమంతకోపాఖ్యానం పుస్తకం చూడకుండా చెబుతుంది అమ్మ, నా చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రోజు జాంబవంతుడి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. అక్షతలు చేతిలో పట్టుకుని, తర్వాత ఏమిటన్నట్టు నా ముఖంలోకి చూసింది. పిల్లలెవరూ నవ్వలేదు. నేను పుస్తకం తీసి మిగతా కథ చదివాను.

డాలస్‌లో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేసి చెబితే వాడికి చేతనైంది వాడు చేశాడు. ఎవరో వస్తుంటే మూడు పెద్ద డబ్బాలు పంపాడు: జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రలు, చేప నూనె క్యాప్సూల్స్, జెల్లీఫిష్ ప్రొటీన్ అని ఇంకొకటి. చేప నూనె సంగతి అమ్మకు చెప్పకుండానే కొన్నాళ్లు వేశాను, అది నేను చేసిన తప్పు, తెలిశాక చాలా బాధపడింది. వీటికి తోడు ఇక్కడ మందుల షాపులో మెమరీ క్యాప్సూల్స్ అని నెలకు 1,800 రూపాయలవి. పద్దెనిమిది నెలలకు 32,400. తమ్ముడు పెట్టింది ఇందులో కలపలేదు. ఇన్ని వేస్తున్నా అమ్మ నడకలో తూలు పెరిగింది, మాట తగ్గింది, మధ్యాహ్నాలు ఊరికే కూర్చుని కిటికీలోంచి చూస్తుండేది. వయసు మీద పడింది అని మాకు మేమే చెప్పుకోవడం మొదలుపెట్టాం.

బాత్రూం గడప దగ్గర పడితే పట్టీ వేయించడానికి తీసుకెళ్లాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ మోచేయి చూస్తూ చూస్తూ "మామ్మగారూ, మీరు వేసుకునే మాత్రలన్నీ రేపు ఒక సంచిలో వేసి పట్టుకురండి" అంది. పట్టుకెళ్లాం. ఒక్కొక్క డబ్బా బల్ల మీద పెట్టి చూసి, పాలు పెరుగు తింటారా అని అడిగి, కాలి బొటనవేలు పైకీ కిందకీ కదిపి, కళ్లు మూసుకుని ఎటు కదిలిందో చెప్పమంది. అమ్మ చెప్పలేకపోయింది. 750 రూపాయల రక్తపరీక్ష రాసింది. బీ12 మిల్లీలీటరుకు 138 పికోగ్రాములు అని వచ్చింది. సాధారణంగా 200 కంటే తక్కువైతే లోపం అంటారు, 200 నుంచి 300 మధ్య ఉన్నా లక్షణాలుంటే ఇంకో పరీక్ష చేసి చూస్తారు.

ఆ తర్వాత నేను కూర్చుని చదువుకున్నదీ, డాక్టరమ్మను విసిగించి అడిగి తెలుసుకున్నదీ ఇది. బీ12 అనే విటమిన్ నరాల మీద ఉండే పొర నిలవడానికి, రక్తం తయారవడానికి కావాలి. మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేపలు, మాంసం, వీటిలోనే దొరుకుతుంది. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందని, చద్దన్నంలో పుష్కలంగా ఉందని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. స్పైరులినాలో ఉందని అమ్ముతారు, అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని నకలు రూపం. ఇక తిన్నంత మాత్రాన అయిపోదు. తిండిలోని బీ12 ప్రొటీన్‌కు అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం కావాలి. వయసు పెరిగే కొద్దీ చాలామందికి ఆమ్లం తగ్గుతుంది, దాని మీద గ్యాస్ మాత్ర రోజూ వేస్తే ఇంకా తగ్గుతుంది. విడిపోయింది చిన్నపేగు చివర ఒంటికి పట్టాలి, అక్కడ మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. మా అమ్మకు మూడు దారులూ మూసుకుపోయాయి: తినడం లేదు, తిన్న కాస్తా విడిపోవడం లేదు, విడిపోయింది పట్టడం లేదు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇది నిన్నో మొన్నో తెలియదు, మెల్లగా ఏళ్ల మీద బయటపడుతుంది, అప్పటికి మనిషికి వయసూ వచ్చి ఉంటుంది కాబట్టి నింద వయసు మీదకు పోతుంది.

మెట్‌ఫార్మిన్ మంచి మందు, దాన్ని ఆపమని నేను అనడం లేదు, దయచేసి ఎవరూ ఈ ఉత్తరం చదివి ఆపేయకండి. కానీ బ్రిటన్‌లో మందులను పర్యవేక్షించే సంస్థ 2022లోనే చెప్పింది, మెట్‌ఫార్మిన్ వల్ల బీ12 తగ్గడం అరుదైన విషయం కాదు, ఎక్కువ డోసు వాడేవాళ్లకు, ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, ముందే లోటు వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు పరీక్ష చేస్తూ ఉండాలని. మన ఊళ్లలో ఈ మాత్ర వేసుకోని వీధి లేదు. పన్నెండేళ్లలో షుగరు ఎన్నిసార్లు చూపించామో లెక్కలేదు, బీ12 మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఇంకొక జాగ్రత్త. రక్తం తక్కువైందని చాలామంది సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు కొని వేస్తుంటారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అది మనం గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతే. అయితే అసలు లోటు బీ12ది అయినప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేస్తే రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకని రెండూ చూడాలి.

అమ్మకు మొదట రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. ఇంజెక్షన్ వద్దనుకునేవాళ్లకు పెద్ద డోసు మాత్ర కూడా పనిచేస్తుందట, 1,000 మైక్రోగ్రాములది, ఎవరికి ఏది అన్నది డాక్టరే చెప్పాలి. నాలుగు నెలలకు తేడా తెలిసింది. ముందు మాట పెరిగింది. తర్వాత వారాలు, తిథులు వచ్చేశాయి. పాలవాడి లెక్క మళ్లీ తనే చూస్తోంది, నాకంటే కచ్చితంగా. కాళ్ల మొద్దు మాత్రం పూర్తిగా పోలేదు, పోకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆలస్యమైతే నరాలు వెనక్కి రావట. ఆ ఏడాదిన్నర ముందే పట్టుకుని ఉంటే ఎలా ఉండేదో అని నాకు రోజూ అనిపిస్తుంది.

మతిమరుపంతా బీ12 వల్లే అని మాత్రం నేను చెప్పను, అలా చెబితే నేనూ ఆ డబ్బాలవాళ్లలాగే అయిపోతాను. మా వీధిలోనే ఒక మాస్టారున్నారు, ఆయనకు బీ12 బాగుంది, థైరాయిడ్ బాగుంది, అల్జీమర్స్ అని తేల్చారు. వాళ్లావిడ ఇప్పటికీ ఆ క్యాప్సూల్స్ కొంటూనే ఉంది. "ఏమో, లోపల ఏదైనా పనిచేస్తుందేమో" అంటుంది. ఆవిడకు నేనేం చెప్పగలను. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బు) ఉందని 2023లో వచ్చిన పెద్ద సర్వే అంచనా వేసింది, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. ఇంతమంది భయం మీద వ్యాపారం నడుస్తోంది. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే, దిద్దుకోగలిగినవి ముందు చూసుకోండి. బీ12, థైరాయిడ్, బీపీ, షుగరు, చెవుడు, కంటిచూపు, మనసులో దిగులు, వేసుకుంటున్న నిద్రమాత్రలు. ఇవన్నీ చూశాక కదా మిగతాది.

ఆ డబ్బాల సంగతి కూడా చదివాను. జింకో మీద అమెరికాలో 3,069 మంది పెద్దవాళ్లతో, అందరూ డెబ్భై ఐదు పైబడ్డవాళ్లే, ఆరేళ్లు పరీక్ష చేశారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 2008లో ఫలితం వచ్చింది, డిమెన్షియా ఏమీ తగ్గలేదు. జెల్లీఫిష్ మాత్ర మీద అయితే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూయార్క్ రాష్ట్రం కలిసి 2017లో కేసే వేశాయి, జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పుకోవద్దని 2024లో కోర్టు ఆదేశించింది. అదే దేశం నుంచి మన పిల్లలు సూట్‌కేసుల్లో పెట్టి మోసుకొస్తున్నారు, ప్రేమతోనే. బ్రాహ్మి అంటే ఆ పేరుతో రెండు వేరువేరు మొక్కలు అమ్ముతున్నారు, ఒకటి మనం సరస్వతి ఆకు అనుకునేది, ఇంకొకటి తడి నేలలో పాకే చిన్న తెల్లపూల మొక్క. ఈ రెండో మొక్క మీద జరిగినవి చిన్న పరీక్షలు, ఎక్కువగా కొన్ని వారాలవి, కొన్నిటిలో గుర్తుపెట్టుకోవడం కాస్త మెరుగైందన్నారు, డిమెన్షియా రాకుండా ఆపుతుందని ఎక్కడా తేలలేదు. పెరట్లో ఆకు తెచ్చి పచ్చడి చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పసుపు కూడా అంతే, కూరలో వేసుకునేది వేరు, గాఢంగా తీసి క్యాప్సూల్‌లో కుక్కింది వేరు, ఆ క్యాప్సూల్స్ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

అమెరికాలోనే అరవై పైబడ్డవాళ్ల మీద మామూలు మల్టీవిటమిన్ పరీక్షిస్తే జ్ఞాపక పరీక్షల్లో కొంచెం మేలు కనిపించింది, ఇదీ దాచకుండా చెప్పాలి. మేలు చిన్నది, జబ్బు రాకుండా ఆపిందని కాదు. అదే వరసలో కోకో సారం మీద పెట్టుకున్న ఆశ నిలవలేదు.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. స్టెంట్ వేయించుకుని, పక్షవాతం వచ్చి తగ్గి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు వాటి మీద జింకో, పెద్ద డోసు విటమిన్ ఈ, చేప నూనె కలిపి మింగుతున్నారు. రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. షాపులో అమ్మేవాళ్లు అడగరు, ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెప్పరు, "అవి మందులు కాదుగా, విటమిన్లేగా" అంటారు. డబ్బా వెనక చూడండి, నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని ఉంటుంది. వీటిని ఆహారం కింద అమ్ముతారు, మందు కింద కాదు. మందుకు రుజువు చూపించాల్సినంత వీటికి చూపించక్కర్లేదు.

ఇక తిండి. పెద్దవాళ్ల కంచం ఒక్కరోజు పరీక్షగా చూడండి. మా అమ్మది ఒక వారం రాసి పెట్టాను. పొద్దున కాఫీ, మధ్యాహ్నం అన్నం, చారు, ఆవకాయ బద్ద, నీళ్ల మజ్జిగ, రాత్రి ఇడ్లీ. అరవై కిలోల దగ్గర బరువున్న మనిషికి అరవై గ్రాముల ప్రొటీన్ దాకా కావాలంటుంటే లెక్కేస్తే ముప్పై దాటలేదు. పళ్లు కదులుతున్నాయని పల్లీలు మానేసింది, కూర నమలలేక పక్కన పెడుతుంది, ఆ సంగతి మనకు చెప్పదు. ఇప్పుడు పప్పు రోజూ గట్టిగానే చేస్తున్నాను, తోటకూరో గోంగూరో మునగాకో వేసి. పల్లీలు, నువ్వులు, అవిసె గింజలు పొడి చేసి అన్నంలో కలుపుతున్నాను. గట్టి పెరుగు మళ్లీ మొదలుపెట్టించాను, కఫం ఏమీ చేయలేదు. చేపలు తినే ఇళ్లలో అయితే ఇంకా సులువు, కానాగంతలు, కవళ్లు లాంటి చవక చేపల్లోనే మంచి కొవ్వు ఉంది, బీ12 కూడా ఉంది, క్యాప్సూల్ డబ్బా ధరకు నెలంతా తినొచ్చు. అయినా మా అమ్మలాంటి వాళ్లకు పెరుగుతో మాత్రమే సరిపోదు, ఆమ్లం తగ్గిన కడుపు కదా, అందుకే ఇంజెక్షన్ మానడం లేదు. నేను మాత్రలకు వ్యతిరేకం కాదు, లోటున్న చోట మాత్రే కావాలి.

ఫలానా డైట్ పాటిస్తే మెదడు పదిలం అని కూడా గట్టిగా చెప్పలేం. ఆకుకూరలు, గింజలు, బెర్రీ పళ్లు ఎక్కువగా ఉండే మైండ్ డైట్ అని ఒకటుంది, 604 మందితో మూడేళ్లు పరీక్ష చేస్తే, 2023లో వచ్చిన ఫలితం ప్రకారం, మామూలుగా తగ్గించి తిన్నవాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు. ఫిన్‌లాండ్‌లో 1,260 మందికి తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగరు చూడటం, అన్నీ కలిపి రెండేళ్లు చేయిస్తే మాత్రం తేడా కనిపించింది, అది 2015 నాటి మాట. అంటే ఒక్క వస్తువులో లేదు కిటుకు.

ఉప్పు సంగతి మన ఆంధ్రా ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు అంది. మన ఊరగాయ, వడియాలు, అప్పడాలతో అది మధ్యాహ్నానికే అయిపోతుంది. బీపీని గట్టిగా అదుపు చేస్తే జ్ఞాపకశక్తిలో తొలి క్షీణత 19 శాతం తక్కువగా వచ్చిందని తొమ్మిది వేల పైచిలుకు మందితో అమెరికాలో చేసిన పరీక్షలో 2019లో తేలింది. ఏ క్యాప్సూల్‌కూ ఇంత రుజువు లేదు. బీపీ మాత్ర ఎంత డోసన్నది డాక్టరు చూసుకోవాలి, మరీ తగ్గితే పెద్దవాళ్లు పడిపోతారు.

తిండి విషయం కాకపోయినా ఇది చెప్పాలనుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రకటించింది, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒక్క భాష వాళ్లకంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని, చదువురానివాళ్లలో కూడా. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుకునే మన పాత బజార్ల మనుషుల గురించి ప్రపంచమంతా చదివింది.

ఇక నా విన్నపాలు. మీ పేపరుకు: ప్రకటన అయితే ఆ మాట పెద్ద అక్షరాల్లో, పైన వేయండి, ఆరోగ్యం పేజీలో వ్యాసం వేషంలో రానివ్వకండి. మెదడు జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది, ఈ డబ్బాలు ఆహారం పేరుతో ఆ మాటల చుట్టూ తిరుగుతున్నాయి. ప్రభుత్వాలకు: ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు, మంచి పని. నాలుగైదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న అరవై దాటినవాళ్లకు, అందులోనూ శాకాహారులకు, ఏడాదికోసారి బీ12 పరీక్ష కూడా చేయించండి. బయట దేశాల్లో ఉన్న పిల్లలకు: డబ్బా పంపే ముందు అమ్మానాన్నల మాత్రల ఫొటోలు తెప్పించుకుని చూడండి, అరికాళ్లు ఎలా ఉన్నాయో, రాత్రి ఏం తిన్నారో అడగండి. మా తమ్ముడు ఇప్పుడు ప్రతి ఆదివారం అదే అడుగుతున్నాడు.

ఉత్తరం పెద్దదైపోయింది, స్థలం లేకపోతే కుదించి వేసుకోండి, నాకేం ఇబ్బంది లేదు. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర గురించి రాసిన ముక్క మాత్రం తీసేయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
తెనాలి